బావి మెట్ల లెక్క

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చినందుకే ఈ భయం నాకు పట్టుకుంది.

వనపర్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తరగతి గదులు ఊడుస్తాను. ఈ ఎండాకాలం ఒక గదిలో గోడకు అంటించిన పెద్ద కాగితం చూశాను. భూమినీ నీళ్లనూ రాబోయే తరాలకు ఎలా నిలపాలో మేడం చెప్పే పాఠం కోసం పిల్లలు రాసింది. కూడబలుక్కుని చదివాను. పెద్దమందడి వైపున్న మా ఊరి పేరు. మా కుంట బొమ్మ. ‘నీళ్లు భూమిలోకి ఇంకి వృథా కాకుండా కుంట అడుగున ప్లాస్టిక్ షీటు పరచాలి. సోమవారం మన తరగతి పని మొదలు.’

చీపురు చేతిలోనే ఆగిపోయింది. అలా ఇంకిన నీళ్లే కుంట కింద మా బావిలోకి ఊరుతాయి. వేరుశనగ, అదే మా పల్లి చేలన్నీ ఆ బావి మీదే. వానలు వెళ్లిపోయాక ఆడవాళ్లం బావి దగ్గర చేరి, నీటికి పైన ఎన్ని మెట్లు కనబడుతున్నాయో చూస్తాం. ఎక్కువ కనబడితే ఆ ఏడు సగం చేను బీడే.

చెబితే నా పని పోతుందేమో. చెప్పకపోతే బావి పోతుంది. మర్నాడు మేడం పాఠం చెబుతుంటే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

“ఏందమ్మా, ఏమన్న కావాల్నా?” అంది మేడం.

“గా కాగితం తప్పు మేడం.”

“అవ్వా, మాకు పరీక్ష నువ్వే పెడ్తున్నవా ఏంది?” అన్నాడు వెనక బెంచీలో ఒక పిల్లవాడు. అందరూ నవ్వారు. మేడం నవ్వకుండా సుద్దముక్క నా చేతికిచ్చింది.

బోర్డు మీద కుంట గీశాను. కింద మెట్ల బావి గీశాను.

“కుంట నిండిన నాలుగొద్దులకు మా బావిల మెట్లు మునుగుతయి. మీరు షీటేస్తే కుంటల నీళ్లు కుంటల్నే ఉంటయి బిడ్డా. మా పల్లికేం తాపాలె?”

“మరి కుంటల నీళ్లు ఎండకెంత ఆవిరైపోతయి?” ఆ పిల్లవాడే అడిగాడు. ఈసారి వెక్కిరింపు లేదు.

“గది నాకు తెల్వదు. బావి సంగతి తెలుసు.”

శనివారం మేడం వాళ్లందరినీ మా ఊరికి తీసుకొచ్చింది. బూట్లు విప్పించి, గోడ పట్టుకుని బావిలోకి దిగడం నేర్పాను. నవ్విన పిల్లవాడు నా చెయ్యి వదల్లేదు. మెట్లకు తెల్లరంగుతో అంకెలు వేశారు.

“వానలకు కుంట నిండినంక ఎన్ని మెట్లు మునుగుతయో చూసి చెప్తం అవ్వా. అప్పటిదాక షీటెయ్యం,” అన్నాడు.

ఈసారి వానలే సరిగా పడకపోతే? కుంట నిండకపోతే, మెట్లు మునగకపోతే, నా మాట అబద్ధమవుతుంది కదా. ఆ సంగతి వాడితో అనలేకపోయాను.

పని కోసం ముందే తెచ్చి దింపిన షీటును వాళ్లు వెనక్కి తీసుకుపోలేదు. నల్లటి చుట్ట కుంట కట్ట మీదే ఉంది. రోజూ పొద్దున బస్సెక్కేముందు అక్కడిదాకా నడిచి, దాని తాళ్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయో లేదో చూసి వస్తున్నాను.