కోకిహల్లా దారిలో ఒక ‘అడ్జస్ట్’

2023 అక్టోబర్. బ్రిటిష్ కొలంబియా కొండల మధ్య ఉన్న కామ్లూప్స్‌లో, ఒక ట్రక్కింగ్ కంపెనీలో నేను డిస్పాచర్‌గా చేరి అప్పటికి ఆరేళ్లయింది. డిస్పాచర్ అంటే బండి నడిపే మనిషి కాదు, నడిపించే మనిషి. ఏ డ్రైవర్ ఏ ట్రైలర్ తగిలించుకుని, ఏ దారిన, ఎన్నింటికి ఎక్కడికి చేరాలో చూసే పని. తెలుగు, పంజాబీ డ్రైవర్లందరినీ నాకే అప్పగించారు. "నువ్వయితే వాళ్లతో మాట్లాడగలవు" అనేవాడు మా ఆపరేషన్స్ మేనేజర్ గ్యారీ. నాకు పంజాబీ ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ నెలలో ఒక మంగళవారం పొద్దున్నే వాతావరణ హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం తర్వాత కోల్డ్ ఫ్రంట్ దాటుతుందని. అంటే చల్లగాలి దండు ముందు వరస. బరువైన చల్లగాలి వచ్చి వెచ్చని గాలి కిందికి దూరి, దాన్ని పైకి గెంటేస్తుంది. మైదానంలో అయితే ఒక వాన, కాస్త చలి, అంతే. కొండల్లో అలా కాదు. రెండు కొండల మధ్య కనుమలో ఇరుక్కున్న గాలికి పిచ్చెక్కుతుంది. పొద్దున స్వెటర్ అక్కర్లేదు, మధ్యాహ్నానికి వాన, సాయంత్రానికి అదే వాన మంచు. మాకిది ఏటా ఉండేదే. ఏటా ఉండేదే కాబట్టి ఆఫీసులో ఆ హెచ్చరికని ఎవరూ రెండోసారి చదవలేదు.

ఆ రోజు కోకిహల్లా హైవే మీద నరసింహ ఉన్నాడు. సూర్యాపేట దగ్గరి మనిషి, నలభైకి దగ్గర పడ్డవాడు. అక్కడ పన్నెండేళ్లు లారీ నడిపి, ఇక్కడికొచ్చి అ ఆల నుంచి మళ్లీ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండటానికి పెట్టుకునే పీఆర్ అప్లికేషన్‌కి అతనికి మా కంపెనీ ఇచ్చే ఉద్యోగ లెటర్ కావాలి. ఆ లెటర్ మీద సంతకం పెట్టాల్సింది గ్యారీ. నెలన్నరగా అది ఆయన టేబుల్ మీద ఉంది.

నరసింహకి ఆ రోజు పడ్డ పని డెడ్‌హెడ్, అంటే సరుకు లేని ఖాళీ ట్రైలర్‌ని లాక్కెళ్లడం. సాయంత్రం అయిదింటికల్లా కనుమ అవతల అబ్బట్స్‌ఫర్డ్‌లో ఉంటే అక్కడ సరుకు నింపుతారు. ఖాళీ బండి కదా, హాయిగా వెళ్లిపోవచ్చు అనుకుంటారు బయటివాళ్లు. గాలి రోజున ఖాళీ బండే ప్రమాదం. లోపల బరువుంటే ట్రైలర్ రోడ్డుని పట్టుకుని ఉంటుంది. లేకపోతే అది యాభై మూడు అడుగుల రేకు డబ్బా, పక్కగాలి గట్టిగా కొడితే బోర్లా పడుతుంది, తనని లాగే ట్రక్కునీ వెంట తీసుకుపోతుంది.

ఒంటిగంట దాటాక నరసింహ మెరిట్ అనే ఊళ్లో పెట్రోల్ బంకు దగ్గర ఆగి ఫోన్ చేశాడు. అక్కడి నుంచి అసలు కనుమ మొదలవుతుంది. గ్యారీ నా కుర్చీ వెనకే నిలబడి స్పీకర్లో పెట్టమన్నాడు.

"గాలి ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"లిటిల్ విండీ సర్. నో ప్రాబ్లం. ఐ విల్ అడ్జస్ట్ సర్."

గ్యారీ ముఖం వెలిగింది. "చూశావా, స్పీడ్ అడ్జస్ట్ చేసుకుంటాడట. అదీ ప్రొఫెషనల్ అంటే" అని నా కీబోర్డు మీదికి వంగి ట్రిప్ నోట్స్‌లో తనే టైపు చేశాడు: గాలికి తగ్గట్టు డ్రైవర్ వేగం సరిచేసుకుంటున్నాడు, ప్రయాణం కొనసాగించవచ్చు.

నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషువాళ్లు అద్దం అడ్జస్ట్ చేస్తారు, సీటు అడ్జస్ట్ చేస్తారు. మనం అలా కాదు. ముగ్గురి సీట్లోకి నాలుగో మనిషి వచ్చినప్పుడు, బేస్‌మెంట్లో ఆరుగురికి ఒక్క బాత్‌రూమ్ ఉన్నప్పుడు మనం అడ్జస్ట్ అవుతాం. సరిచేసేది వస్తువుని కాదు, మనల్ని మనమే. ‘చాలా కష్టంగా ఉంది, కానీ మీకు ఇబ్బంది కలిగించను’ అని దాని అర్థం. నరసింహ చెప్పింది అది. గ్యారీ రాసుకుంది ఇది.

స్పీకర్ తీసేసి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. "నరసింహా, నేను. సార్ వినట్లేదు. అద్దంలో చూస్తే ట్రైలర్ ఎక్కడ కనిపిస్తోంది?"

"పక్క లేన్‌ల కనిపిస్తున్నదక్కా. కామ్లూప్స్ దాటి పైకెక్కినప్పటి సంది గంతే. నేనొక దిక్కు, అదొక దిక్కు. స్టీరింగ్ పట్టి పట్టి చేతులు వణుకుతున్నయ్."

"మరి ఇందాక లిటిల్ విండీ అన్నావేం?"

"సార్ ముందట ఎట్ల చెప్తనక్కా? నా లెటర్ ఆయన చేతిల ఉండె. పర్వాలే, మెల్లగ పోత."

"మెల్లగా వెళ్లినా గాలి మెల్లగా కొట్టదయ్యా. తాళం చెయ్యి తీసి జేబులో పెట్టుకో. అక్కడే ఉండు."

గ్యారీ వైపు తిరిగి బండి ఆపుతున్నానని చెప్పాను. కస్టమర్ ఎదురు చూస్తున్నాడన్నాడు. ట్రైలర్ పక్క లేన్లో తిరుగుతోందన్నాను.

"అతను నాతో అలా చెప్పలేదు. అడ్జస్ట్ చేస్తానన్నాడు, నువ్వూ విన్నావు."

"ఆ మాటకి మా ఇంగ్లీషులో అర్థం వేరు."

"మీ ఇంగ్లీషు, మా ఇంగ్లీషు అని రెండు లేవు. నీ పని బండ్లు కదిలించడం, అనువాదం కాదు."

"ఆరేళ్ల నుంచి నాకు వీళ్లందరినీ అప్పగించింది అనువాదానికే కదా! ఇవాళ చేస్తుంటే వద్దంటారేం?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది, తగ్గించలేదు. పక్క టేబుల్ అమ్మాయి టైపు చేయడం ఆపేసింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పనిలో అపాయం ఉందని నమ్మితే చేయనని చెప్పే హక్కు ఈ దేశంలో కార్మికుడికి చట్టం ఇచ్చింది. ఆ మాట అన్నాక మేనేజర్ విచారించి తీరాలి, అన్నందుకు శిక్షించకూడదు. ట్రైనింగ్‌లో అందరికీ చెబుతారు, అందరం సంతకాలు పెడతాం. కానీ ఆ మాట డ్రైవరే అనాలి. నేనెంత అరిచినా అది డిస్పాచర్ అభిప్రాయం కిందే పోతుంది.

మళ్లీ ఫోన్లోకి వచ్చాను. "ఇప్పుడు స్పీకర్ పెడతాను. అడ్జస్ట్ అన్నావంటే నీతో మాట్లాడను. ‘ఇట్ ఈజ్ నాట్ సేఫ్, ఐ రెఫ్యూజ్’ అను."

"రెఫ్యూజ్ అంటే కొట్లాట పెట్టుకున్నట్టు కాదా అక్కా?"

"అవును, కొట్లాటే. పెట్టుకో."

స్పీకర్ నొక్కాను. బంకు దగ్గర గాలి రొద వినిపించింది. తర్వాత నరసింహ గొంతు, ఒక్కో మాటా విడివిడిగా: "సర్. ఇట్ ఈజ్ నాట్ సేఫ్. ఐ రెఫ్యూజ్." చివర్లో అలవాటు కొద్దీ "సారీ సర్" అన్నాడు. పోనీలే అనుకున్నాను.

గ్యారీ నన్ను చూశాడు, ఫోన్‌ని చూశాడు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆయన రాసిన నోట్ కింద నేను రాశాను: పక్కగాలికి ట్రైలర్ లేన్ దాటుతోంది, డ్రైవర్ నిరాకరించాడు, నేను బండి ఆపాను. కింద నా పూర్తి పేరు పెట్టాను.

మూడు కాకముందే ఫ్రంట్ దాటింది. హైవే కెమెరాల్లో ముందు వాన, తర్వాత ఏమీ కనిపించలేదు. నరసింహ ఫోన్ చేసి, ఆపి ఉంచిన బండే ఊగుతోందని చెప్పాడు. కనుమలో చెట్లు పడి రెండు గంటల పాటు రోడ్డు మూసేశారు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. మూసేలోపు చాలా ట్రక్కులు క్షేమంగా దాటాయి కూడా, అందులో ఒకటి మాదే.

మర్నాడు మీటింగ్‌లో గ్యారీ పట్టుకున్నది దాన్నే. నన్నూ నరసింహనీ ఎదురుగా కూర్చోబెట్టి, "మన ఇంకో బండి వెళ్లింది. నువ్వూ వెళ్లగలిగేవాడివే, అవునా కాదా?" అని అడిగాడు. ఆ లెటర్ మడత కూడా విప్పకుండా టేబుల్ మీద అలాగే ఉంది.

"ఆ బండిలో సరుకుంది" అని నేను నోరు తెరిచేలోపు నరసింహ చెయ్యెత్తి ఆపాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మేబీ ఐ రీచ్, సర్," అన్నాడు. "స్టిల్ ఐ రెఫ్యూజ్."

ఈసారి సారీ చెప్పలేదు.

లెటర్ మీద సంతకం పడటానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున గ్యారీ గది తలుపు దగ్గర నిలబడి "లెటర్?" అని అడిగాను. ఒక రోజు ఆయన విసుక్కుని సంతకం పెట్టేశాడు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇది గ్యారీ తప్పు మీద రాసిన కథ అనుకుంటారేమో. కాదు. ఆయనకి ఆ మాట అర్థం తెలియదు. నాకు ఆరేళ్లుగా తెలుసు. మన డ్రైవర్లు "అడ్జస్ట్ అవుతాం అక్కా" అన్న ప్రతిసారీ హమ్మయ్య అనుకుని బండి కదిలించాను. ఆఫీసులో అందరికంటే టైమ్‌కి బండ్లు చేర్చే డిస్పాచర్‌నని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఎవరి వణికే చేతుల మీద నిలబడిందో, ఆ మధ్యాహ్నం అడిగేదాకా ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఫోన్లో ఎవరు ఆ మాట అన్నా ముందు బండి ఆపిస్తాను, తర్వాతే మాట్లాడతాను. టైమ్‌కి చేర్చేవాళ్లలో ఇప్పుడు నా పేరు చివర్న ఉంది.