సైమి వలలు ఎత్తేసిన ఏడాది

మా సరస్సులో వల వేసే ఆడమనిషి సైమి టోలొనెన్ ఒక్కతే. భర్త పోయాక ఆయన పడవ తనే తీసింది. రెండో తెడ్డు పట్టడానికి పొరుగింటి ఆర్వి వచ్చేవాడు. పదేళ్ళు ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో కాఫీ పంచుకుంటూ, మంచు కరిగింది మొదలు మళ్ళీ గడ్డకట్టేదాకా వేటాడారు. పడేది మూయిక్కు, వేలెడంత వెండి చేప. రై అనే ధాన్యపు పిండిలో పొర్లించి వెన్నలో వేయిస్తే ముల్లుతో సహా నమిలేయవచ్చు. బుధవారం మా బడిలో భోజనం అదే.

అడవి అవతల నికెల్ గని తెరిచాక ఆర్వికి అక్కడ ఉద్యోగం దొరికింది. సరస్సు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపాలి. మన మనిషే కాపలా ఉన్నాడని ఊరంతా సంతోషించింది, సైమి మరీనూ.

"ఏం ఆర్వీ, మన నీళ్ళెలా ఉన్నాయి?" అని కనబడ్డప్పుడల్లా అడిగేది.

"శుభ్రం. కాఫీ కాచుకో, ఏం కాదు."

చేపలు కొనేవాళ్ళకు ఆమె ఆ మాటే చెప్పేది. శనివారం శనివారం సంచెడు చేపలు ఆర్వి తలుపుకి తగిలించి వచ్చేది.

ఒక శనివారం చేతితొడుగు అక్కడే మరిచిపోయి వెనక్కి వెళ్ళింది. పెరట్లో ఆర్వి గొయ్యి తీసి ఆమె చేపలు పూడుస్తున్నాడు. దగ్గరికొస్తున్న పిల్లిని కాలితో తోసేస్తున్నాడు.

"ఏమిటది?"

ఆర్వి ఉలిక్కిపడ్డాడు. "పాడయ్యాయి, అందుకని..."

"పొద్దున పట్టినవి పాడయ్యాయా? పిల్లికి కూడా పెట్టవా?"

ఆర్వి పార కింద పెట్టాడు. "నేను అబద్ధమాడలేదు సైమీ. నీళ్ళు శుభ్రమే. గని నుంచి వచ్చే లోహం నీళ్ళలో నిలవదు, పాచిలోకి పోతుంది. పాచిని మేసే నీటిపురుగులు లేవూ, ఆవగింజలో సగం ఉంటాయి, వాటిలో పేరుకుంటుంది. మన చేప తినేది వాటినే."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయిన వేసవి నుంచి. బయట చెప్పొద్దన్నారు."

"నేను బయటదాన్నా?"

ఆర్వి మళ్ళీ పార అందుకున్నాడు.

"పిల్లిని కాపాడుకున్నావు. బడిపిల్లలు తింటున్నారు కదయ్యా! నా చేతుల మీదుగా పెట్టించావు కదయ్యా!"

ఆ సాయంత్రమే సైమి వలలన్నీ ఎత్తేసింది. ఆదివారం చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతుంటే లేచి, గని లోహం చేరిందని, తన చేపలు తినొద్దని చెప్పింది. నీకెవరు చెప్పారని అడిగారు. ఆమె ఆర్వి వైపు చూసింది.

"నాకేం తెలియదు" అన్నాడు ఆర్వి, కప్పులోకి చూస్తూ.

హాల్లో సగంమంది ఇళ్ళు గని జీతాలతో నడుస్తున్నవే. "ఇన్నాళ్ళూ మాకు తినిపించి ఇప్పుడు గనిని అంటావేం?" అని ఆమె మీదే విరుచుకుపడ్డారు. ఒక్క బడి వంటామె మాత్రం మర్నాడే చేపలు మానేసింది.

ఏడాది తర్వాత జిల్లా అధికారులు వచ్చి, పాచీ పురుగులూ చేపలూ పరీక్ష చేసి, ఒడ్డున హెచ్చరిక బోర్డు పాతారు. సైమి దగ్గరికి ఎవరూ రాలేదు. అప్పటికే ఆమె పట్నంలో ఆసుపత్రి వంటింట్లో పనికి కుదిరింది. ఆర్వి మాత్రం ఒకసారి ఆమె ఇంటికి వచ్చి, టోపీ తీసి మెట్ల కింద నిలబడ్డాడు.

"ఇంకా కోపమేనా సైమీ?"

"కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నువ్వు వాన పడుతోందన్నా, నేను చెయ్యి బయటపెట్టి చూసుకుంటాను" అని ఆమె తలుపు వేసుకుంది.