కవి పరిచయం

ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి పుంగనూరు నుంచి మదనపల్లె పోయే బస్సులో, కిటికీ పక్క సీట్లో ఇరుక్కుపోయాను. కాళ్ల చుట్టూ టమోటా బుట్టలు, పక్కన వాటిని మార్కెట్టుకు తీసుకుపోతున్న పెద్దామె. తెలుగు గైడులోంచి కవి పరిచయాలు మాత్రమే చించుకొచ్చి, కవుల ఊర్లూ బిరుదులూ పైకే వల్లె వేస్తున్నాను. మార్కులొచ్చేది వాటికే కదా.

ఆమె చాలాసేపు విని, "ఆయప్పది యా ఊరో, వాళ్ల నాయనెవరో అన్నీ సెప్తాండావు. ఇంతకీ ఏం పాడినాడప్పా?" అంది.

పద్యాల కాగితాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఒక్క పాదమూ గుర్తు రాలేదు. లేచి పోదామంటే కాలు కదిలే చోటు లేదు. మదనపల్లె దాకా ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఆ పద్యాలన్నీ తర్వాత చదువుకున్నాను. ఆమెది ఏ ఊరో, పేరేమిటో నాకు తెలియదు. అన్న మాట మాత్రం నోటికి వచ్చు.