తాటిమొద్దు ఫిరంగి

విస్సన్నపేట రోడ్డు పక్కన మా మామిడితోటకు కాపలా ఉన్న పెద్దాయన మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వచ్చిన వారానికే తాటిమొద్దుకు తారు పూసి, పాత బండిచక్రాల మీద కట్టి, గేటు దగ్గర ఫిరంగిలా నిలబెట్టాడు.

"వెనకటి యుద్ధాల్లో ఇలాంటి ఉత్తుత్తి ఫిరంగులు చూసి సైన్యాలే వెనక్కి తిరిగాయంటండీ," అన్నాడు.

"ఈ కాలం దొంగలు మొద్దును చూసి భయపడతారా?" అన్నాను.

"కదలని ఫిరంగిని ఎవడూ నమ్మడండీ. రోజూ తిప్పాలి."

అన్నట్టే రోజూ పొద్దున్నే దాని మూతి ఇంకో వైపుకు తిప్పి, ఒక కన్ను మూసి గురి చూసేవాడు. ఎవరి మీదికో నాకు అంతుపట్టేది కాదు. రోడ్డున పోయే లారీలు కూడా అక్కడ నెమ్మదించేవి. ఆ ఏడు తోటలో ఒక్క కాయా పోలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

కోతలు అయిపోయిన మర్నాడు తోటకు వెళ్లాను. ఫిరంగి మూతి తిన్నగా నేను కూర్చునే షెడ్డు వైపు ఉంది.

"ఏంటి పెద్దాయనా, ఇటు తిప్పావు?"

"దొంగలు బయటినుంచే రావాలని ఏముందండీ," అన్నాడు, మూసిన కన్ను తెరవకుండా.

చెట్లు కొట్టించి, తోటను ప్లాట్లు వేసి అమ్మాలనుకుంటున్న సంగతి అప్పటికి నేను ఇంట్లో కూడా చెప్పలేదు.