నేను చదును చేయించిన మలుపు

1993 చలికాలం. ఒమాన్‌లో బర్కా ఊరు దాటాక, హైవేకీ సముద్రానికీ మధ్య ఇసుక నేల మీద మా రేస్ ట్రాక్. అక్కడ జరిగిన ఒక ప్రమాదానికి సంబంధించిన సాక్ష్యాన్నంతా, విచారణ మొదలవకముందే ట్రాక్టరు పెట్టి నేలమట్టం చేయించిన మహానుభావుణ్ణి నేనే. ఆ పని తప్పు చేసినవాడు చేస్తే తెలివి అంటారు. తీర్పు చెప్పాల్సినవాడే చేస్తే ఏమంటారో ఆ వారమంతా నాకు రకరకాల భాషల్లో తెలిసింది.

మిగతా రోజుల్లో నేను రుసైల్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్ని. సెలవు రోజైన శుక్రవారం మాత్రం రేసు క్లబ్బులో అసిస్టెంట్ స్టీవార్డ్‌ని. ఈ ముక్క ఇంటికి ఉత్తరంలో రాస్తే, విమానంలో టీలు అందిస్తున్నాననుకుని మా బావమరిది ఆ చిన్న సబ్బుబిళ్ళలు తెమ్మన్నాడు. రేసుల్లో స్టీవార్డ్ అంటే పందెం నిబంధనల ప్రకారం జరిగిందో లేదో చూసి, తప్పు చేసిన డ్రైవర్‌కి శిక్ష వేసేవాడు. మా చీఫ్ స్టీవార్డ్ హారిస్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన పెద్దాయన. నన్ను తీసుకునేముందు "గుర్రాల గురించి తెలుసా?" అని అడిగాడు. చిన్నప్పుడు కాకినాడలో జట్కా ఎక్కి బడికి వెళ్ళినవాణ్ణి కనుక "బాగా తెలుసు" అన్నాను. జట్కాలో కూర్చున్న పిల్లాడికి గుర్రంలో కనిపించే భాగమేదో హారిస్‌కి తెలియదు.

అయినా పని నేర్చుకున్నాను. బాగానే నేర్చుకున్నాను. మా దగ్గర జరిగేది జీను వేసి ఎక్కే పందెం కాదు, హార్నెస్ రేసింగ్. గుర్రానికి సల్కీ కడతారు. సల్కీ అంటే సైకిల్ చక్రాల్లాంటి రెండు చక్రాలూ, ఒక చిన్న పీటా. డ్రైవర్ ఆ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పగ్గాలు పడతాడు. గుర్రం వడివడి నడకలోనే పోవాలి తప్ప, నాలుక్కాళ్ళ మీద దౌడు తీయకూడదు. ఒకరి దారికి ఇంకొకరు అడ్డుపడితే దాన్ని ఇంటర్‌ఫెరెన్స్ అంటాం. అందులో కావాలని చేసేది అరుదు. మా ముందుకు వచ్చేవన్నీ కేర్‌లెస్ డ్రైవింగ్ కేసులే. ఆ డ్రైవర్‌కి దురుద్దేశం ఉండదు. ఆ మాటకొస్తే ఏ ఉద్దేశమూ ఉండదు. పక్కన ఇంకొకడు ఉన్నాడన్న ధ్యాసే ఉండదు.

మా డ్రైవర్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు కోటేశ్వరరావు గారు. గుడివాడ మనిషి, మస్కట్‌లో పెద్ద కాంట్రాక్టరు. సరదాకి గుర్రాన్ని కొని, తానే తోలేవారు. గుర్రం పేరు బర్క్. అరబ్బీలో మెరుపు అని అర్థం. రావుగారి చేతిలో పడ్డాక మెరవడం తగ్గి ఉరమడం ఎక్కువైంది. ఆ ఉరుములన్నీ రావుగారివే. రెండోవాడు యాకూబ్ భాయ్. కడపలో తాతల నాటి నుంచీ జట్కా తోలిన కుటుంబం. ఒమానీ ఆసామి షేక్ సాలిం లాయంలో పని. సాలిం ఆయన అర్బాబ్, అంటే వీసా ఇచ్చిన యజమాని. బర్క్‌ని పిల్లగా ఉన్నప్పుడు సాలిం లాయంలో బండికి మచ్చిక చేసింది యాకూబ్ భాయే. తర్వాత దాన్ని రావుగారు కొనుక్కున్నారు.

ఆ శుక్రవారం చివరి మలుపు. మా ట్రాక్ మీద గుర్రాలు ఎడమకు తిరుగుతాయి, లోపలి కంచె ఎడమ పక్కన ఉంటుంది. కంచె వెంట యాకూబ్ భాయ్. ఆయనకు కుడిపక్కన, కాస్త ముందుగా బర్క్ మీద రావుగారు. వెనక హమద్ అనే ఒమానీ కుర్ర డ్రైవర్. నేను మలుపుకి ఎదురుగా, పందెం గమనించడానికి వేసిన నిచ్చెన మీద ఉన్నాను. దుమ్ములోంచి "టకటకటక" అని పెద్ద చప్పుడు వచ్చింది. బర్క్ ఎడమకు జరిగి యాకూబ్ భాయ్ దారిలోకి వచ్చేసింది. యాకూబ్ భాయ్ పగ్గాలు బిగబట్టి నిలదొక్కుకున్నాడు కానీ, వెనక నుంచి వచ్చిన హమద్ చక్రం ఆయన చక్రానికి తగులుకుంది. హమద్ ఎగిరి పడ్డాడు. భుజం ఎముక విరిగింది.

అంబులెన్స్ వెళ్ళగానే రావుగారు నా దగ్గరికి వచ్చారు. "ఏమోయ్ మూర్తీ, నిచ్చెన మీద నిన్ను చూస్తే ముచ్చటేసిందోయ్! అచ్చం కలెక్టరులా ఉన్నావు. అదిగో, ఆ మలుపంతా గుంటలు పడింది. ఇంకో గుర్రం కాలు విరిగితే నీకే మాట. చదును చేయించెయ్యి. డ్యూటీ అంటే అలా ఉండాలి."

కలెక్టరు అనే మాటకు కరగని గుమాస్తా మా జిల్లాలో లేడు. ట్రాక్టరు తోలే నర్సయ్యను పిలిచాను. జగిత్యాల వైపు మనిషి.

"ఇప్పుడే గుంజాల్నా సార్? పెద్దసారు సూడలే గద?" అన్నాడు.

"గుంజు నర్సయ్యా, గుంజు."

ఇనప దంతె కట్టి గుంజాడు. చదువుకున్నవాణ్ణి కదా, చదును చేయించడం బాగా వచ్చు. కాసేపటికి హారిస్ వచ్చి, చక్రాల గీతలు ఎక్కడ అని అడిగాడు. ఎవరి బండి ఏ గీత వదిలి ఏ గీతలోకి వచ్చిందో ఇసుకలో రాసి ఉంటుంది. స్టీవార్డ్ మొట్టమొదట చూడాల్సింది అదే. ముఖం చూసుకోదగ్గంత నున్నగా ఉన్న ఆ మలుపుని ఆయన కాసేపు చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. తిట్టుంటే బాగుండేది.

సాయంత్రం విచారణ. షేక్ సాలిం కాఫీ కెటిల్ పక్కన కూర్చుని ఖర్జూరాలు మా వైపు జరిపాడు కానీ, ముఖంలో తీపి లేదు. ముందే చెప్పేశాడు: "హమద్ నా అక్క కొడుకు. నా మనిషిదే తప్పని తేలితే వచ్చే వారం ఖల్లాస్. విమానం ఎక్కిస్తాను."

రావుగారు మొదలెట్టారు. "యాకూబ్ కొరడా కర్ర చక్రం పుల్లల్లో పెట్టి టకటకలాడించాడండీ. దాంతో నా గుర్రం బెదిరి లోపలికి దూకింది. నేనేం చేస్తాను?"

"పెట్టావా?" అని హారిస్ అడిగితే యాకూబ్ భాయ్ తల ఊపాడు. "పెట్టినా సార్. రావుసార్ నా మీదకి వస్తావుండె. మా జట్కావోళ్ళకి హారన్ అదే గదా. చెయ్యి దానంతట అదే పోయింది."

హారిస్ గడ్డం గోక్కున్నాడు. "చప్పుడొచ్చింది ఎడమ నుంచి. బెదిరిన గుర్రం చప్పుడికి దూరంగా పోవాలి. దగ్గరికి ఎందుకొస్తుంది?"

అక్కడితో ఊరుకుంటే రావుగారి వాదన అక్కడే చతికిలబడేది. నేను ఊరుకోలేదు. మలుపు దగ్గర పోగొట్టుకున్న పరువు రాబట్టుకుందామని గొంతు సవరించుకున్నాను. "సార్, జట్కా గుర్రాల సంగతి నాకు తెలుసు. తోలేవాడు చెర్నాకోల కర్ర చక్రం ఆకుల్లో పెట్టి చప్పుడు చేస్తే జనం తప్పుకుంటారు. గుర్రం కూడా అలవాటుగా రోడ్డు ఎడమ అంచుకి జరుగుతుంది. బర్క్‌ని మచ్చిక చేసింది జట్కా మనిషే కదా. అందుకే చప్పుడు వినగానే ఎడమకు వచ్చింది."

"శభాష్ మూర్తీ!" అన్నారు రావుగారు. "గుర్రం మనసెరిగినవాడివి!"

యాకూబ్ భాయ్ నా వైపు చూశాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. హారిస్ విచారణ వచ్చే గురువారానికి వాయిదా వేశాడు. సాలిం మాత్రం లేస్తూ లేస్తూ యాకూబ్ భాయ్‌తో, విమానం టికెట్ కోసం పాస్‌పోర్ట్ తన ఆఫీసుకి తెప్పిస్తానన్నాడు.

నేను టాక్సీ కోసం హైవే దగ్గరికి నడిచాను. రోడ్డు దాటబోతూ కుడివైపు చూశాను. ఏమీ రావడం లేదు. అడుగు వేశాను. ఎడమవైపు నుంచి నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ నా చొక్కాని రాసుకుంటూ పోయింది. డ్రైవరు కిటికీలోంచి మా వంశం గురించి పష్తోలో ఏదో అన్నాడు. ఒమాన్‌లో బళ్ళన్నీ కుడిపక్కన నడుస్తాయి. నేను వచ్చి ఏళ్ళు గడిచినా, నా మెడకి మాత్రం ఇంకా వీసా రాలేదు. అది కాకినాడలోనే ఉండిపోయి కుడికే తిరుగుతోంది.

రోడ్డు పక్కన దుమ్ము దులుపుకుంటుండగా వెలిగింది. నా మెడ సంగతి సరే. బర్క్ ఒమాన్‌లో పెరిగిన గుర్రం కదా!

లాయానికి పరిగెత్తాను. యాకూబ్ భాయ్ గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

"భాయ్, బర్క్‌ని రోడ్డు మీద మచ్చిక చేసేటప్పుడు, చప్పుడు చేస్తే ఏ పక్కకు జరగమని నేర్పావు?"

"కుడిపక్కకే సార్. ఈడ ఎడమకు నేర్పింటే లారీ కింద ఎప్పుడో చచ్చిపోయింటాం గదా, నేనూ అదీ."

"మరి లోపల ఆ మాట చెప్పవేం?"

ఆయన గడ్డి చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. "మీరు పెద్దమనిషి. నిండు సభలో ఎడమకే పోతాదని చెప్తిరి. అందరి ముందర మీ మాట తీసేస్తే బాగుంటాదా? మీరే మల్లా ఆలోచిస్తారులే అనుకుంటి."

"ఈలోపు నిన్ను ఇంటికి పంపేస్తే?"

"అదే సార్ భయం. పోయినా తోలడానికి జట్కా లేదు. కడపలో ఇప్పుడంతా ఆటోలే. గుర్రాన్ని ఎప్పుడో అమ్మేస్తిమి."

నా మర్యాద కాపాడటానికి తన బతుకుని పణం పెట్టిన మనిషి ముందు నిలబడటం, నున్నటి మలుపు ముందు నిలబడటం కంటే కష్టం. అక్కడి నుంచి తిన్నగా హారిస్ ఇంటికి వెళ్ళి, "నేను చెప్పింది నా బడి రోడ్డు గురించి సార్, ఈ దేశం రోడ్డు గురించి కాదు" అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు. "అయితే గుర్రాన్నే అడుగుదాం" అన్నాడు.

గురువారం అందరం ట్రాక్ మీదకి చేరాం. హమద్ చేతికి కట్టుతో వచ్చాడు. బర్క్ సల్కీలో హారిస్ స్వయంగా కూర్చుని పగ్గాలు వదులుగా పట్టుకున్నాడు. ఎడమ పక్కన ఇంకో సల్కీ మీద యాకూబ్ భాయ్. ఇద్దరూ నెమ్మదిగా పోతుండగా యాకూబ్ భాయ్ కర్ర పుల్లల్లో పెట్టాడు. టకటకటక. బర్క్ ఒక చెవి తిప్పి, పెళ్ళివారికి దారిచ్చినంత మర్యాదగా కుడికి జరిగింది.

"వాడు పెంచిన గుర్రం కాబట్టి వాడి మాట వింటోంది!" అన్నారు రావుగారు.

"అయితే మూర్తి చప్పుడు చేస్తాడు" అన్నాడు హారిస్.

యాకూబ్ భాయ్ దిగి తన గుర్రాన్ని పట్టుకుని నడిపిస్తుంటే, నేను పీట మీద కూర్చుని కర్ర పెట్టాను. బొటనవేలు పుల్లల్లోకి పోవాల్సింది, కొద్దిలో తప్పింది. బర్క్ మళ్ళీ కుడికే జరిగింది. మూడోసారి నేను చప్పుడు చేస్తుండగా హారిస్ ఎడమ పగ్గం గట్టిగా లాగాడు. అప్పుడు మాత్రం బర్క్ చప్పుడుని కాదని ఎడమకు వచ్చింది, ఆ శుక్రవారం వచ్చినట్టే.

హారిస్ దిగాడు. "చప్పుడు దాన్ని బయటికి పంపుతోంది. లోపలికి తెచ్చింది చెయ్యి."

రావుగారి ముఖం ఎర్రబడింది. "నేనేమీ కావాలని చేయలేదండీ! దగ్గరి దారి దొరుకుతుందని కంచె వైపు లాగాను. వాడు అక్కడున్నాడని చూసుకోలేదు."

"దాన్నే కేర్‌లెస్ డ్రైవింగ్ అంటారు రావుగారూ" అన్నాను. ఈసారి నా గొంతు సవరించుకోవాల్సిన అవసరం రాలేదు.

శిక్ష: సీజన్ ముగిసేదాకా రావుగారికి సస్పెన్షన్. అంటే పగ్గాలు ముట్టుకోకూడదు. యాకూబ్ భాయ్‌కీ మందలింపు తప్పలేదు. హారన్ ఎంత మంచిదైనా రేసులో చక్రంలో కర్ర పెట్టడం ప్రమాదమే. ఆ తర్వాత అన్ని సల్కీల చక్రాలకూ మూతలు బిగించాం. సాలిం లేచి వచ్చి యాకూబ్ భాయ్ భుజం మీద చెయ్యి వేసి, కాఫీ తానే పోసి ఇచ్చాడు. పాస్‌పోర్ట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్నో విచారణలు చేశాను. చాలావరకు సరిగ్గానే చేశానని ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే ఈ కేసు నాకు రెండు సంగతులు నేర్పింది. తుడిచే ముందు చూడాలి. "నాకు తెలుసు" అనే ముందు, ఆ తెలిసింది ఏ ఊళ్ళో తెలుసుకున్నానో గుర్తుచేసుకోవాలి. మూడోది కూడా ఒకటుంది: పగ్గాలూ పగా మరీ బిగించి పట్టుకోకూడదు. అలాగని పూర్తిగా వదిలెయ్యనూ కూడదు.

మరుసటి సీజన్ మొదట్లో రావుగారు తిరిగొచ్చారు. సస్పెన్షన్ తర్వాత మళ్ళీ తోలాలంటే స్టీవార్డ్ ముందు ఒంటరిగా ట్రయల్ ఇవ్వాలి. గురువారం నేనే చూశాను. ట్రాక్ నర్సయ్య అప్పుడే గుంజి నున్నగా పెట్టాడు. రావుగారు బాగానే తోలారు. ఆ మలుపు దగ్గర మాత్రం, పక్కన ఎవరూ లేకపోయినా, పాత చెయ్యి ఊరుకోలేదు. బండి బయటి నుంచి కంచెదాకా పాములా జరిగిపోయింది. ఎవరూ లేనిచోట జరగడం నేరం కాదు. పాస్ చేశాను.

నర్సయ్య ట్రాక్టరు మీద నుంచి అరిచాడు. "సార్, గుంజమంటరా?"

"వద్దు నర్సయ్యా. రేపు మొదటి రేసు ముందర గుంజుదువు గానీ. అప్పటిదాకా అలాగే ఉండనీ."

శుక్రవారం మధ్యాహ్నం అలవాటు ప్రకారం అన్ని లాయాలవాళ్ళూ ట్రాక్ చూసుకోవడానికి నడుస్తూ వచ్చారు. నున్నటి ఇసుక మీద ఒకే ఒక్క బండి గీతలు. అవి ఎవరివో అందరికీ తెలుసు. మలుపు దగ్గర ఒక్కొక్కరే ఆగి, చూసి, నవ్వు దాచుకుని ముందుకు పోతున్నారు. హమద్ అయితే దాచుకోలేదు.

రావుగారు గబగబా నా దగ్గరికి వచ్చారు. "ఏమోయ్ మూర్తీ, ఆ మలుపు చదును చేయించలేదేం?"

"మా పెద్దాయన చూడలేదండీ ఇంకా" అన్నాను. "డ్యూటీ అంటే అలా ఉండాలి కదా."

వెనకాల వస్తున్న యాకూబ్ భాయ్ ఆ గీతల దగ్గర ఆగాడు. చక్రాలకి ఇప్పుడు మూతలున్నాయి కనుక, నాలుకతోనే టకటకమనిపించి, మర్యాదగా కుడిపక్కకి తప్పుకుని నడిచాడు.