మబ్బుల్లోకి పంపే ఉద్యోగం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. పాసైన నెలకే ప్రభుత్వ ఉద్యోగం కూడా వచ్చింది! తుపాను మబ్బుల్లోకి పరికరాలతో విమానాలు పంపి, గాలినీ వాననీ కొలిచే ఆఫీసులో. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో కనబడ్డవాళ్లందరికీ ఆ కబురు చెబుతున్నాను. అమ్మ ముఖం మాత్రం మాడిపోయింది.

"మబ్బు పడితే మీ నాన్న పడవే దింపడు. నువ్వు అందులోకే పోతావేటే? నాను పంపను."

ముందు సీట్లోని నెరిసిన జుట్టావిడ వెనక్కి తిరిగింది.

"తను ఎక్కదమ్మా, కింద ఉండి పంపుతుంది. రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు వెనక్కి రావాలో చెప్పడం. అందరూ క్షేమంగా దిగేదాకా నాకు అన్నం సయించేది కాదు."

అమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది.

"మాకూ అంతేనండి. పడవ గట్టుకొచ్చీదాకా ముద్ద ముట్టం."

వెంటనే నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఒసే, ముందే సెప్పొద్దేటే! ఈ పని నీకు కొత్తేటి? నడకొచ్చిన కాడ్నించీ గట్టు మీద నిలబడి మీ నాన్న కోసం సూత్తన్నావు కదే!"

ఆవిడ పకపకా నవ్వి, సంచిలోంచి అరటిపండు తీసింది.

"ఈ రోజు పడవ వచ్చేసిందా?"

"వచ్చేసిందండి."

"అయితే తినండి."

అమ్మ తింటూనే కండక్టర్ని పిలిచింది.

"ఒరే బాబూ, ఇటు సూడు! మా పిల్ల ఇమానాలు నడుపుతాది!"

ఆవిడా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరిలో ఎవరమూ సరిదిద్దలేదు.