రొయ్యల పెట్టెలో పాలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. ఎవరికైనా "కుదరదు" అని చెప్పాల్సి వస్తే, నేను ముందు బాత్రూంలోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఆ మాటను రెండుమూడుసార్లు పైకి అని చూసుకుంటాను. అంత చేసి బయటికి వచ్చాక, చాలాసార్లు "సరే" అనేస్తాను. ఇంట్లో నన్ను మెతక మనిషి అంటారు. ఆఫీసులో "దీదీ బహుత్ అచ్ఛీ హై" అంటారు, అక్క చాలా మంచిదని. రెండూ ఒకటేనని నాకు తెలుసు.

ఆ వేసవిలో మా ఫరీదాబాద్ మీద పడిన గాలివానను ఇక్కడివాళ్లు ఆంధీ అన్నారు. కాకినాడ పక్కన పుట్టిన అమ్మ మాత్రం కిటికీలు బిగిస్తూ "ఇది తుపానే" అంది. సాయంత్రం ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగింది. కాసేపటికే మా సెక్టారులో వేపచెట్లు తీగల మీద పడ్డాయి, తీగలు స్తంభాలను లాక్కుని పడ్డాయి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పక్కకి ఒరిగిపోయింది. కరెంటు పోయింది. మా ఇన్వర్టరు ఫ్యాన్లు, లైట్లు మోస్తుంది గానీ ఫ్రిజ్‌ను మొయ్యదు.

ఆ ఫ్రిజ్‌లో పాలున్నాయి. అక్క పాలు.

అక్క కూతురు నెలలు నిండకుండానే పుట్టి, ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఉంది. బావ అక్కడే కింద హాల్లో పడుకునేవాడు. అక్క మా ఇంట్లో ఉంటూ పాలు తీసి, చిన్న మూత డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచేది. అంతలో తనకు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇచ్చిన మందు పూర్తయ్యేదాకా కొత్తగా తీసిన పాలు పాపకు పట్టకూడదన్నారు. డబ్బాపాలు పట్టి చూస్తే పొట్ట ఉబ్బిపోయింది. ఇక పాపకు మిగిలిన ఆహారం మా ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్న ఆ డబ్బాలే. వార్డులో చోటు తక్కువ కాబట్టి ఏ రోజు పాలు ఆ రోజే తీసుకునేవారు. ఒకసారి కరిగాయంటే ఒక్క రోజులో వాడెయ్యాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. అమ్మ నర్సు కాబట్టి ఈ సంగతులన్నీ మాకు కంఠతా వచ్చేశాయి.

కరెంటు ఎప్పుడొస్తుందని నాన్న లైన్‌మన్‌ను అడిగితే, అతను పడిన ట్రాన్స్‌ఫార్మరు వైపు చెయ్యి చూపించి "ఆప్ హీ బతాయియే, అంకల్" అన్నాడట, మీరే చెప్పండన్నట్టు.

నాన్న తిరిగొచ్చి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. అక్కడ తెల్లటి థర్మోకోల్ పెట్టెలున్నాయి. పెదనాన్న కాకినాడ నుంచి రైల్లో రొయ్యలు పంపే పెట్టెలు. నాన్న ఒక్కటీ పారెయ్యనివ్వడు. "కొంపంతా కంపు చేసే ఆ పెట్టెలు నీకెందుకు" అని అమ్మ పండగ పండగకీ గొడవ పెట్టుకునేది.

అక్క వాటిని చూసి లేచి నిలబడింది. "ఛీ, నాన్నా! మచ్లీవాలా డబ్బాలో, చేపల పెట్టెలో నా కూతురి పాలా?"

"కడుగుతాంలేవే. ఈ పెట్టెలో రొయ్య ఢిల్లీ దాకా వచ్చినా రాయిలాగే దిగుతుంది. నీ కూతురి పాలు ఆసుపత్రి దాకా వెళ్తే చాలుగా."

"రొయ్యతో పోల్చకు, ప్లీజ్."

ఆ సాయంత్రం పక్క మైదానంలో జరగాల్సిన పెళ్లి పందిరి ఎగిరిపోయింది. క్యాటరింగ్ అతను తడిసిన సోఫాల మధ్య నిలబడి ఐసు దిమ్మలు వచ్చిన ధరకు అమ్మేస్తున్నాడు. నేనూ నాన్నా మోయగలిగినన్ని మోసుకొచ్చాం. నాన్న కాలేజీ రోజుల్లో వేసవి సెలవులకు కాకినాడ రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఉప్పు కలిస్తే ఐసు ఇంకా చల్లబడుతుందని ఆయనకు అక్కడ తెలిసింది. ఉప్పు ఎక్కడిదా అనుకుంటుంటే, అమ్మ ఆవకాయ కోసం ఊరి నుంచి తెప్పించుకున్న రాళ్లుప్పు సంచి తెచ్చి నాన్న ముందు పెట్టింది. "ఈ ఏడాది ఆవకాయ లేనట్టే" అంది. ఆ గొంతులో బాధేమీ లేదు.

పెట్టెలను వేడినీళ్లతో కడిగాం. అమ్మ పాలడబ్బాలకు రెండేసి ప్లాస్టిక్ కవర్లు తొడిగి గాలి పోయేలా కట్టింది. నాన్న రోకలితో ఐసు పగలగొట్టి, ఉప్పు కలిపి, వరసలు వరసలుగా పేర్చాడు. మూతల చుట్టూ టేపు వేసి, పెట్టెలకు దుప్పట్లు చుట్టాడు. ఒక్కో పెట్టెలో ఒక్కో రోజు పాలు.

"ఏ రోజు పెట్టె ఆ రోజే తెరవాలి," అన్నాడు. "ఎలా ఉందో చూద్దామని మూత తీశారా, అయిపోయినట్టే. రేవులో సరుకు పాడయ్యేది ఎండకి కాదు, ఆగలేనివాళ్ల వల్ల."

మర్నాటి నుంచి ఇల్లు మరో లెక్కలో నడిచింది. మోటారు లేదు కాబట్టి ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టి మూడో అంతస్తుకు మోసేవాళ్లం. ఫ్రిజ్‌లో ఉన్న కూరలన్నీ ఒకే కుండలో పడి పేరులేని పులుసయ్యాయి. ఫోన్లకు మెట్రో స్టేషన్లో చార్జింగు పెట్టుకునేవాళ్లం. అమ్మ డ్యూటీకి వెళ్లొచ్చేది. నాన్న పొద్దున్నే ఆ రోజు పెట్టె స్కూటరు మీద ఆసుపత్రికి చేర్చి, అటునుంచి అటే పనికి వెళ్లేవాడు. నోయిడాలో ఉన్న నా ఆఫీసు నుంచి క్యాబు మా వైపు రాలేకపోయింది. అందుకని మిగిలిన పెట్టెలకు కాపలా నేనే.

అన్నిటికంటే చివరి రోజు పెట్టెతోనే భయం. ఎక్కువసేపు ఆగాల్సింది అదే. దాన్ని లోపలి గదిలో చీకటి మూలకు జరిపి, మూత మీద పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో పుస్తకం.

మొదట అమ్మ వచ్చింది, థర్మామీటరు పట్టుకుని. "లే. ఒక్క నిమిషం లోపల ఎంతుందో చూసి మూసేస్తా."

కొళాయిలో నీళ్లు లేవు. సాధన చేసుకునే వీలే లేదు.

"కుదరదమ్మా," అన్నాను.

"నాకే చెప్తున్నావా? నేనెన్ని వార్డులు చూశానో తెలుసా?"

"తెలుసు. అయినా కుదరదు."

అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నాకేమైనా జ్వరమొచ్చిందేమోనని.

అక్క వచ్చినప్పుడు ఇంకా కష్టమైంది. తను అరవలేదు, నా పక్కనే నేల మీద కూలబడింది. "కరిగిపోయి ఉంటే? నాకు తెలియాలి కదా, యార్."

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏడుస్తాను."

"ఇప్పుడూ అదేగా చేస్తున్నావు. మూత తీయకుండా ఏడువు."

అక్క నా మోకాలి మీద గట్టిగా గిల్లింది. తర్వాత అదే మోకాలి మీద తల పెట్టి నిద్రపోయింది. నా కాలు తిమ్మిరెక్కినా కదలలేదు.

మూడో మనిషి పాస్టరమ్మగారు. మా చర్చిలో ఆవిడ మాటకు ఎదురు లేదు, నేనైతే ఆవిడ ముందు తలెత్తి మాట్లాడింది లేదు. మూడంతస్తులు ఎక్కి, చెమటలు తుడుచుకుంటూ నేరుగా పెట్టె దగ్గరికి వచ్చారు.

"పాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానమ్మా. కాస్త మూత తియ్యి."

అమ్మ గుమ్మంలోంచి కళ్లతోనే ఆజ్ఞ వేసింది: లే. అక్క లేచి కూర్చుంది. లేచి పీట తీసి పక్కన పెట్టాను. ఆవిడ టేపు అంచు పట్టుకున్నారు.

"మూత మీద చెయ్యి పెట్టండి ఆంటీ," అన్నాను. "దేవుడికి మూత అడ్డమా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. ఆ తర్వాత పెద్దగా నవ్వారు, నవ్వుతూనే ఆ థర్మోకోల్ మీద రెండు చేతులూ ఆనించి మోకరించారు. "ప్రభువా, మూతుంది, నీకు తెలుసు," అని మొదలుపెట్టి చాలాసేపు ప్రార్థించారు. వెళ్తూ వెళ్తూ అమ్మతో, "మీ చిన్నమ్మాయికి నోరు లేదన్నారెవరు?" అని అడిగారు.

ఆఖరి రోజు వచ్చింది. కరెంటు ఇంకా రాలేదు. అక్క మందు ఆ రాత్రితో అయిపోతుంది, ఆ ఒక్క పెట్టె గట్టెక్కితే చాలు. నాన్న ఎత్తుకోబోతే, "నేనూ వస్తా," అన్నాను. స్కూటరు వెనక పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారంతా నరికిన కొమ్మల గుట్టలు, ఆకుల పచ్చివాసన. గుంతలొచ్చినప్పుడల్లా పెట్టెను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. నాన్న అద్దంలో చూసి, "పాపను పట్టుకున్నట్టే పట్టుకున్నావే," అన్నాడు.

వార్డు ఇన్‌చార్జి సిస్టరూ తెలుగావిడే, గుంటూరు మాట. మనిషి మాత్రం మహా కచ్చితం. పెట్టెను బల్ల మీద పెట్టించి, కత్తెరతో టేపు కోసి, మూత తీసింది. బావ పక్కకి తిరిగిపోయాడు. నేను తిరగలేదు. మంచు పొగ పైకి లేచింది. ఆవిడ రెండు డబ్బాలు తీసి ఒకదానికొకటి కొట్టి చూసింది.

టక్, టక్. రాళ్లలా మోగాయి.

ఆవిడ అన్ని డబ్బాలనూ అలాగే కొట్టి చూసింది. ఒక్కటి కూడా మెత్తబడలేదు. "కరెంటు లేదన్నారుగా మీ ఇంట్లో?" అంటూ సమాధానం కోసం ఆగకుండా లోపలికి తీసుకెళ్లిపోయింది. బావ అక్కకు ఫోన్ కలిపి నాన్న చేతికిచ్చాడు. నాన్న "రొయ్యలే, రొయ్యలు!" అని అరిచాడు. అవతల అక్క ఏడుపో నవ్వో వరండా అంతా వినిపించింది. కాపలా మనిషి వేలు పెదాల మీద పెట్టుకుని మా వైపు వచ్చాడు.

లోపలికి తల్లిదండ్రులకే అనుమతి. నేను పాపను అంతవరకూ ఫోన్‌లో ఫోటోగానే చూశాను. పాలు కరిగి, వెచ్చబడి, ఉగ్గుగిన్నెతో ఆ చిన్న నోట్లోకి వెళ్లేదాకా బయట బెంచీ మీదే కూర్చున్నాను. నాన్న ఇంటికి వెళ్లమంటే, "కుదరదు" అన్నాను. ఈసారి ఆ మాట కోసం వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. సిస్టరు ఖాళీ గిన్నె బోర్లించి చూపించింది.

"ఒక్క చుక్క మిగల్చలేదమ్మా. పిన్నివి నువ్వేగా? రా, అద్దంలోంచి చూద్దువుగాని."